మేజర్ రివిజన్ వచ్చిన వ్యాసాన్ని దిద్దుకోవాలా, వేరే జర్నల్‌కు పంపాలా?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మిరప పూతలో చేరే నల్ల తామర పురుగులు నా పరిశోధనాంశం. 2021-22 సీజన్‌లో ఈ పురుగు మన ప్రాంతంలో ఎంత నష్టం చేసిందో ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కరలేదు. పూత నిలవక, మందుల ఖర్చు మోయలేక తోటలు దున్నేసుకున్న రైతులు మా ఊళ్లోనే ఉన్నారు. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి నమోదైన ఈ జాతి, మిరప పూత ఏ దశలో ఉండగా పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది, నీలి రంగు జిగురు అట్టలు దాన్ని ఎంతవరకు అదుపు చేస్తాయి అన్నవి నేను పరిశీలించిన విషయాలు.

ఇందులో ఒక భాగాన్ని వ్యాసంగా రాసి, మా గైడ్ గారి సలహా మేరకు ఒక జర్నల్‌కు పంపాను. చాలా నెలలపాటు వెబ్‌సైటులో ‘అండర్ రివ్యూ’ అన్న మాట తప్ప మరేమీ కనిపించలేదు. ఈ మధ్య ‘మేజర్ రివిజన్’, అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని, ఉత్తరం వచ్చింది. మొదటి సమీక్షకులు రెండో సీజన్ లెక్కలు కావాలన్నారు, పురుగు జాతిని ఎలా నిర్ధారించారో వివరించమన్నారు, చర్చ భాగంలో పాత పరిశోధనలను ఇంకా విస్తారంగా ప్రస్తావించమన్నారు. రెండోవారు అదే చర్చ భాగాన్ని సగానికి తగ్గించమన్నారు, గణాంక విశ్లేషణ మార్చమన్నారు. ఒకరు పెంచమన్నదాన్ని మరొకరు తగ్గించమంటే ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

మా విభాగంలో థీసిస్ సమర్పించేలోగా కనీసం ఒక వ్యాసం వచ్చి ఉండాలని అడుగుతున్నారు. నా గడువు ఎంతో దూరంలో లేదు. తోటి స్కాలర్లలో కొందరు ఈ జర్నల్‌ను వదిలేసి, త్వరగా తేల్చే మరో జర్నల్‌కు పంపమంటున్నారు. మూడు రోజుల్లో ప్రచురిస్తామని, ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ రెండూ ఉన్నాయని, కొద్దిపాటి రుసుము కడితే చాలని ఒక ప్రకటన కూడా మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. ఎండలో తోటల వెంట తిరిగి, పువ్వు పువ్వునూ విప్పి లెక్కపెట్టిన పని ఇది. దీన్ని ఎక్కడో ఒకచోట పడేయడం నాకు ఇష్టం లేదు. అలాగని గడువు దాటిపోతే ఫెలోషిప్పు ఆగిపోతుంది. ఈ దారిలో నడిచినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు: విశ్రాంత కీటకశాస్త్రవేత్త, గుంటూరు

అమ్మా, మేజర్ రివిజన్ తిరస్కరణ కాదు. వ్యాసం పనికిరాదనుకుంటే సంపాదకులు సమీక్షకులకు పంపకుండానే తిప్పికొడతారు, లేదా సమీక్షలు వచ్చాక ‘రిజెక్ట్’ అని ఒక్క ముక్క రాస్తారు. దిద్ది మళ్లీ పంపమన్నారంటే, దిద్దితే వేసుకోవడానికి వీలుందని వారు భావించినట్టే. ఇప్పుడు దీన్ని వదిలి మరోచోటికి పంపితే ఇన్ని నెలల నిరీక్షణ మళ్లీ మొదటికి వస్తుంది. పైగా తామర పురుగుల మీద మన దేశంలో పనిచేసేవారు తక్కువమంది. కొత్త జర్నల్ సంపాదకులు కూడా అదే సమీక్షకుడికి పంపే అవకాశం బాగా ఉంది. తాను చెప్పిన ఒక్క దిద్దుబాటూ లేకుండా అదే వ్యాసం మళ్లీ తన ముందుకు వస్తే ఆయన ఏమి రాస్తారో మీరే ఊహించండి.

మీకు వచ్చిన ప్రశ్నలన్నిటిలో జాతి నిర్ధారణ గురించినది ముఖ్యమైనది. మన మిరపలో ఎప్పటినుంచో ఉన్న తామర పురుగు స్కిర్టోథ్రిప్స్ డోర్సాలిస్. అది ఎక్కువగా లేత ఆకులను ఆశించి పై ముడతను కలిగిస్తుంది. కొత్తగా వచ్చిన నల్ల తామర పురుగు థ్రిప్స్ పార్విస్పైనస్ పూలలో గుంపుగా చేరుతుంది. పొలంలో మాత్రం ఈ రెండూ ఒకే మొక్క మీద కలిసి దొరకవచ్చు. పార్విస్పైనస్ పెద్ద ఆడ పురుగులు ముదురు రంగులో ఉంటాయి కాబట్టి, స్లైడు మీద సూక్ష్మదర్శినితో చూసి వాటిని వేరు చేయవచ్చు. పిల్ల పురుగుల సంగతి అలా కాదు. రెండు జాతుల పిల్లలూ పాలిపోయిన పసుపు రంగులోనే కనిపిస్తాయి, వాటిని చూసి విడదీయడం అనుభవం ఉన్నవారికే కష్టం. మీరు పువ్వును తోటలోనే విప్పి కంటితో లెక్కపెట్టారా, లేక ఆల్కహాలు పోసిన చిన్న సీసాలో వేసి ప్రయోగశాలకు తెచ్చి, బాగా కుదిపి, రాలినవాటిని లెక్కపెట్టారా? మొక్కకు ఎన్ని పూలు, రోజులో ఏ వేళ తీసుకున్నారు? సమీక్షకుడికి కావలసింది సరిగ్గా ఇదే. పెద్దవాటిని, పిల్లలను కలిపి ఒకే సంఖ్యగా ఇచ్చి ఉంటే వాటిని రెండు నిలువు వరుసలుగా విడదీయండి. పిల్లల వరుసకు జాతి పేరు పెట్టకుండా, జాతి పేరుతో చేసే వాదనను పెద్ద పురుగులకే పరిమితం చేయండి. దాచిన నమూనాలు ఉంటే కొన్నిటిని బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో (ఎన్‌బీఏఐఆర్) నిపుణుల చేత గుర్తింపు చేయించడమో, జాతిని గుర్తించడానికి వాడే, మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు వరుసను చూపడమో చేస్తే ఆ ప్రశ్న అక్కడితో తీరిపోతుంది.

గణాంకాల విషయంలో రెండో సమీక్షకుడు అడిగినది న్యాయంగానే ఉంటుందని నా అంచనా. పువ్వుకు ఇన్ని అని లెక్కపెట్టిన సంఖ్యల్లో సున్నాలు చాలా ఉంటాయి, సగటు పెరిగేకొద్దీ హెచ్చుతగ్గులు కూడా పెరుగుతాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా, సగటులను పోల్చే అనోవా పరీక్షలో పెడితే వచ్చే ఫలితాన్ని నమ్మలేము. మా కాలంలో వర్గమూలం తీసి విశ్లేషించేవాళ్లం, ఇప్పుడు ఇలాంటి లెక్కలకు తగిన నెగటివ్ బైనామియల్ పద్ధతిలో నేరుగా చేయమంటున్నారు. ‘ఆర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది చేయవచ్చు.

రెండో సీజన్ లెక్కల దగ్గరే అసలు చిక్కు ఉంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటే పంటకు మళ్లీ పూత చూడాలంటే ఏడాది ఆగాలి. మీ థీసిస్ కోసం రెండో ఏడాది తీసుకున్న లెక్కలు ఉంటే, అవి అసంపూర్ణంగా ఉన్నా, ఎక్కడివరకు తీసుకున్నారో చెప్పి చేర్చండి. లేకపోతే వాదనను కుదించండి. ‘గుంటూరు జిల్లాలో నల్ల తామర పురుగుల ఉధృతి’ అన్న శీర్షికకు ఒక సీజన్ చాలదు. ఫలానా సీజన్‌లో ఫలానా మండలాల తోటల్లో గమనించినది అని శీర్షికలోనే చెప్పేసి, ఒక్క సీజన్ పని కావడం వల్ల కలిగే పరిమితిని చర్చలో మీరే రాస్తే, చాలామంది సమీక్షకులు అంగీకరిస్తారు.

సమాధాన పత్రం రాయడంలో చూపే శ్రద్ధ మీద చాలా ఆధారపడి ఉంటుంది. సమీక్షకుడి ప్రతి వాక్యాన్నీ యథాతథంగా ఎత్తి రాసి, దాని కిందనే మీ సమాధానం రాసి, వ్యాసంలో ఏ పేజీలో ఏ పంక్తిలో మార్చారో చూపండి. ‘సరిచేశాము’ అని రాసి వదిలేయకుండా, మార్చిన వాక్యాన్నే అక్కడ పెట్టండి. ఒప్పుకోలేని సూచన ఉంటే కారణం చెప్పి, ఆధారం చూపి, మర్యాదగా కాదనవచ్చు. మొహమాటంతో అన్నిటికీ తల ఊపితే వ్యాసం మీ చేతిలోంచి జారిపోతుంది.

జవాబు: కళాశాల గ్రంథాలయాధికారి, విజయవాడ

శాస్త్రవేత్త గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఆ వాట్సాప్ ప్రకటన గురించి నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. మా గ్రంథాలయానికి ఇలాంటి ప్రకటనలు పట్టుకొని వచ్చే స్కాలర్లను తరచుగా చూస్తుంటాను, వారి శ్రమ ఇలా వృథా కావడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఐఎస్‌ఎస్‌ఎన్ పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య మాత్రమే. వారపత్రికకైనా, ఇంటిపత్రికకైనా దరఖాస్తు చేస్తే వస్తుంది. నాణ్యతకు దానితో సంబంధం లేదు. జర్నల్‌లోని వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పేది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఆ పేరుతో రకరకాల సంస్థలు తమకు తోచిన అంకెలు అమ్ముతున్నాయి. జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో క్లారివేట్ సంస్థ ఏటా ప్రకటించేదే ఆ పేరుతో విద్యాలోకం గుర్తించేది. స్కోపస్ అనే జర్నళ్ల సూచికలో ఉందని చెబితే, స్కోపస్ సోర్స్ జాబితాను ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. అందులో పేరు ఉండటంతో సరిపెట్టుకోకుండా, ఆ జర్నల్‌ను ఇప్పటికీ తీసుకుంటున్నారా, ఏ సంవత్సరంతోనైనా ఆపేశారా అన్నది కూడా చూడాలి. నిజమైన జర్నల్ పేరునూ నంబరునూ దొంగిలించి అచ్చం అలాంటి వెబ్‌సైటు పెట్టేవారు కూడా ఉన్నారు కాబట్టి, ప్రకటనలో ఇచ్చిన లింకు నొక్కకుండా ఆ జాబితా నుంచే జర్నల్ అసలు చిరునామాకు వెళ్లండి.

ఇంతకాలం అందరూ యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితాను దృష్టిలో పెట్టుకొని ‘కేర్ లిస్టులో ఉందా’ అని అడిగేవారు. యూజీసీ ఆ జాబితాను నిలిపివేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. జర్నల్‌ను ఎంచుకోవడానికి కొన్ని సూచక ప్రమాణాలు ఇచ్చి, నిర్ణయాన్ని విద్యాసంస్థలకే వదిలింది. ఇప్పటికీ ‘యూజీసీ ఆమోదిత జర్నల్’ అని ప్రచారం చేసుకునేవారి మాట నమ్మకండి. వ్యవసాయ రంగంలో పనిచేసేవారికి జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ ఇచ్చే నాస్ రేటింగు ఒకటి ఉంది. మీది జంతుశాస్త్ర విభాగమైనా విషయం మిరపే కాబట్టి, ఆ జాబితా మీకూ పనికొస్తుంది.

ఆ ప్రకటనలోని జర్నల్ లాంటి చోట వేసుకున్న వ్యాసాన్ని తర్వాత వెనక్కి తెచ్చుకోలేరు. ఒకసారి అచ్చయినదాన్ని మంచి జర్నల్ మళ్లీ తీసుకోదు, రెండుచోట్ల వేస్తే అది ద్వంద్వ ప్రచురణ దోషం అవుతుంది. ఉపసంహరించుకుంటామని రాస్తే దానికీ రుసుము అడిగే జర్నళ్లు ఉన్నాయి. ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఎంపిక సంఘంలో ఉన్నవారు ముందుగా చూసేది ఆ జర్నల్ పేరే.

ఇక మీ గడువు సంగతి. 2016 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్‌కు ముందు రిఫరీడ్ జర్నల్‌లో, అంటే సమీక్షకులు చూశాకే వ్యాసం వేసే జర్నల్‌లో, ఒక వ్యాసం ఉండాలన్న షరతు ఉండేది. 2022 నవంబరులో వచ్చిన నిబంధనల్లో ఆ షరతు లేదు. అయితే విశ్వవిద్యాలయాలు తమ సొంత షరతులు పెట్టుకోవచ్చు, చాలాచోట్ల ఇంకా పెడుతున్నారు. కాబట్టి మీరు ఏ సంవత్సరపు నిబంధనల కింద చేరారో, మీ విశ్వవిద్యాలయం ప్రస్తుత నియమం ఏమిటో, అచ్చు కావాలా లేక అంగీకార పత్రం సరిపోతుందా అన్నది పరిశోధన విభాగం నుంచి లిఖితపూర్వకంగా తెలుసుకోండి. ‘అడుగుతారట’ అన్న మాట మీద ఆధారపడి తొందరపడవద్దు. అంగీకార పత్రం చాలన్నారంటే మీ కష్టంలో సగం తగ్గినట్టే.

మొదటి సమీక్షకులు పాత పరిశోధనలు చేర్చమన్నారన్నారు. చందా లేక చదవలేకపోయిన వ్యాసాలు ఉంటే, మీ సంస్థలో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అందుబాటులో ఉందేమో మీ గ్రంథాలయంలో అడగండి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000 వరకు, చదువుకునే వీలు కల్పించారు.

జవాబు: ఆర్థికశాస్త్ర అధ్యాపకురాలు, విజయవాడ

నా రంగం వేరు, కానీ నా వ్యాసం కూడా మిర్చి చుట్టూ తిరిగినదే కాబట్టి రాస్తున్నాను. గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే మహిళా కూలీల ఆదాయం మీద నేను పనిచేశాను. సామాజిక శాస్త్రాల్లో నిరీక్షణ మీకంటే ఎక్కువే ఉంటుంది. నాకు వచ్చిన సమీక్షలో ఒక ప్రశ్న చాలాకాలం నన్ను నిద్రపోనివ్వలేదు. కిలోకు ఇంత అని ఇచ్చే కూలిని నేను రోజు కూలిగా మార్చి చూపాను. అలా మార్చేటప్పుడు రోజుకు ఎన్ని గంటలు లెక్కలోకి తీసుకున్నారు, సరుకు రాక ఖాళీగా కూర్చున్న వేళను ఏమి చేశారు అని సమీక్షకుడు అడిగారు. యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) జోరుగా వచ్చే నెలల్లో తప్ప ఆ పని ఉండదు. ఆ ప్రశ్నకు సమాధానం కావాలంటే మళ్లీ సీజన్ వచ్చేదాకా ఆగి, పొద్దున్నే వెళ్లి వారి పక్కన కూర్చొని గంటలు రాసుకోవలసి వచ్చింది. తొక్కు ఘాటుకు తుమ్ములు ఆగవు, కళ్లు మండుతాయి, వారు మాత్రం ముఖానికి గుడ్డ కట్టుకొని సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. కొత్త లెక్కలు చేర్చాక ఖాళీ వేళ ఎంత ఉందో బయటపడింది, వ్యాసం ముగింపే మారిపోయింది. ఆ ఆలస్యం వల్ల నా వ్యాసానికి మేలే జరిగింది.

అయినా, ఎప్పుడూ దిద్దుకోవడమే మంచిదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మరో వ్యాసంలో సమీక్షకులు నా దగ్గరున్న ఇంటర్వ్యూలను పక్కన పెట్టి, జాతీయ నమూనా సర్వేతో కొత్త విశ్లేషణ చేయమన్నారు. నా వ్యాసాన్ని వదిలి తాము రాయాలనుకున్న వ్యాసాన్ని నన్ను రాయమని అడగడమే అది. సంపాదకులకు ఉత్తరం రాసి ఉపసంహరించుకున్నాను, క్షేత్ర పరిశోధనకు విలువ ఇచ్చే జర్నల్‌కు పంపాను. ఒక సూచన మీ పనిని మెరుగుపరుస్తుందా, లేక మీ పనిని తీసేసి దాని స్థానంలో మరొకటి పెట్టమంటుందా అన్నది చూసుకోండి. మీకు వచ్చినవి నాకు మొదటి రకంగానే కనిపిస్తున్నాయి కాబట్టి, మీ విషయంలో శాస్త్రవేత్త గారి సలహానే సరైనది. ఉపసంహరించుకోవలసి వస్తే మాత్రం, ఉపసంహరణను ధ్రువీకరిస్తూ జర్నల్ నుంచి ఉత్తరం అందాకే రెండోచోటికి పంపాలి. ఒకే వ్యాసం ఒకే సమయంలో రెండు జర్నళ్ల దగ్గర ఉండటం ఎక్కడా ఒప్పుకోరు.

జవాబు: ఒక జర్నల్ సహ సంపాదకులు

నేను పంట సంరక్షణకు సంబంధించిన ఒక జర్నల్‌కు సహ సంపాదకుడిగా పనిచేస్తున్నాను. అటువైపు ఏమి జరుగుతుందో తెలిస్తే నిరీక్షణ కొంత అర్థమవుతుందని రాస్తున్నాను. వ్యాసం అందగానే కార్యాలయం వారు ఫార్మాటు, ఇతర రచనలతో పోలికల శాతం చూస్తారు. తర్వాత అది మా జర్నల్ పరిధిలోకి వస్తుందా, కొత్త విషయం ఉందా అని సంపాదకులు చూస్తారు. తిరస్కరణల్లో చాలావాటిని ఇక్కడే చేస్తాము, వాటిలో పనిలోని లోపం వల్ల కాక పరిధి వల్ల, చోటు వల్ల జరిగేవి ఎక్కువ. కణాలు ఆహారం నుంచి శక్తిని తీసే సిట్రిక్ ఆమ్ల చక్రం మీద జీవరసాయన శాస్త్రవేత్త హాన్స్ క్రెబ్స్ రాసినదాన్ని 1937లో నేచర్ పత్రిక తీసుకోలేదు. తమ దగ్గర ఇప్పటికే వారాలకు సరిపడా ‘ఉత్తరాలు’ (ఆ పత్రిక వేసే చిన్న వ్యాసాలు) ఉన్నాయని చెప్పింది. అదే ఏడాది అది ఎంజైమోలోజియా అనే పత్రికలో వచ్చింది. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

అసలు ఆలస్యం సమీక్షకులను ఒప్పించడంలో జరుగుతుంది. సమీక్షకు పారితోషికం ఉండదు. తమ తరగతులు, ప్రయోగాలు, పరీక్ష పత్రాలు అన్నీ చూసుకున్నాక మిగిలిన వేళలో వారు ఈ పని చేస్తారు. ఒకరు కాదంటే మరొకరికి, వారూ స్పందించకపోతే ఇంకొకరికి రాస్తూ పోవాలి. ఒప్పుకున్నవారు కూడా గడువు దాటించడం మామూలే. మీరు చూసిన ‘అండర్ రివ్యూ’ అన్న మాట వెనుక ఈ వెతుకులాటే జరిగి ఉండవచ్చు. అందుకే పంపేటప్పుడు సమీక్షకుల పేర్లు సూచించమని అడిగితే ఆ గడిని ఖాళీగా వదలకండి. మీతో గానీ, మీ గైడ్ గారితో గానీ కలిసి రాయనివారిని, ఒకే సంస్థలో లేనివారిని, సంస్థ ఇచ్చిన ఈమెయిల్ చిరునామాతో సూచించండి. మూడు నెలలు దాటినా కబురు లేకపోతే, వ్యాసం నంబరు వేసి రెండు వాక్యాల్లో పరిస్థితి ఏమిటని అడగడం తప్పు కాదు. ఆ ఉత్తరం చూసి, ఆగిపోయిన ఫైలును నేను కదిలించిన సందర్భాలు ఉన్నాయి.

పరస్పర విరుద్ధమైన సూచనల విషయానికి వస్తే, సమీక్షకులు సలహా మాత్రమే ఇస్తారు, నిర్ణయం సంపాదకులది. ముందుగా సంపాదకుల ఉత్తరాన్ని మళ్లీ చదవండి. ఫలానా అంశాలపై ప్రత్యేకంగా దృష్టి పెట్టండి అని అందులో రాసి ఉంటే అదే మీకు దారి. లేకపోతే మీరే ఒక పరిష్కారం ఆలోచించి, సమాధాన పత్రం మొదట్లోనే సంపాదకులకు చెప్పండి. ఉదాహరణకు, మొదటివారు అడిగిన పాత పరిశోధనల్లో పార్విస్పైనస్‌కు నేరుగా సంబంధించినవి మాత్రం చేర్చి, మిగిలిన సాధారణ వివరణను తీసేస్తే, చర్చ భాగం మొత్తంగా చిన్నదవుతుంది, ఒకరు కోరిన వివరమూ మరొకరు కోరిన సంక్షిప్తతా రెండూ వస్తాయి. ఎందుకు అలా చేశారో ఇద్దరికీ ఒకే మాటల్లో చెప్పండి. ఇద్దరూ ఒకరి సమీక్షను మరొకరు చూసే అవకాశం ఉంటుంది కాబట్టి, ఒకరికి ఒకటి, మరొకరికి ఇంకొకటి చెప్పడం బాగుండదు.

సమీక్షకుడు తన సొంత వ్యాసాలన్నిటినీ ఉదహరించమని జాబితా ఇస్తే, వాటిలో మీ విషయానికి సంబంధించినవాటినే చేర్చండి, మిగిలినవి ఎందుకు చేర్చలేదో సంపాదకులకు విడిగా రాయండి. ఇలాంటి ఒత్తిడి తేవడం సరికాదని సంపాదకులకు తెలుసు.

దిద్దుబాటుకు ఇచ్చిన గడువు చాలదనిపిస్తే, అది ముగిసేదాకా ఆగకుండా ఇప్పుడే పొడిగింపు అడగండి. దాదాపు అందరం ఇస్తాము. గడువు దాటాక పంపితే మాత్రం కొన్ని జర్నళ్లు దాన్ని కొత్త వ్యాసంగా లెక్కిస్తాయి.

ప్రశ్న అడిగినవారు: పరిశోధక విద్యార్థిని, గుంటూరు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పూలను ఆల్కహాలు సీసాల్లోనే తెచ్చాను సర్, నమూనాలు మా ప్రయోగశాలలో భద్రంగా ఉన్నాయి. పెద్ద పురుగులు, పిల్లల లెక్కలు నా నోటుబుక్కులో విడివిడిగానే ఉన్నాయి కాబట్టి, వాటిని విడదీసి ఇస్తాను. దిద్ది ఇదే జర్నల్‌కు పంపాలని గైడ్ గారితో మాట్లాడి నిర్ణయించుకున్నాను. అంగీకార పత్రం సరిపోతుందా అని మా పరిశోధన విభాగానికి దరఖాస్తు పెడుతున్నాను.

గ్రంథాలయాధికారి గారిని మరో రెండు సందేహాలు అడగదలచుకున్నాను. వ్యాసం అంగీకరించాక ఈ జర్నల్‌లో ఓపెన్ యాక్సెస్‌కు, అంటే అందరూ ఉచితంగా చదువుకునేలా వేయడానికి, పెద్ద మొత్తం కట్టాలని వెబ్‌సైటులో చూశాను, అంత నేను భరించలేను. రెండోది, నా సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందు ఉంది, జర్నల్ ఫారంలో చివరిపేరు అడుగుతున్నారు. ఎలా రాయాలి?

జవాబు: కళాశాల గ్రంథాలయాధికారి, విజయవాడ

మొదటి సందేహానికి భయపడనవసరం లేదు. చందాతో నడుస్తూ, కోరినవారికి ఓపెన్ యాక్సెస్ కూడా ఇచ్చే జర్నళ్లలో ఆ రుసుము ఐచ్ఛికం. అంగీకార ఉత్తరం తర్వాత వచ్చే ఫారంలో రెండు మార్గాలు ఉంటాయి. చందా మార్గాన్ని ఎంచుకుంటే రచయిత ఏమీ కట్టనక్కరలేదు. అక్కడ గమనించకుండా ఓపెన్ యాక్సెస్ గడిలో టిక్కు పెట్టి సంతకం చేస్తే బిల్లు వస్తుంది కాబట్టి, ఆ పేజీని గైడ్ గారిని పక్కన కూర్చోబెట్టుకొని నింపండి. మీ జర్నల్ ఈ కోవలోదేనా, లేక పూర్తిగా ఓపెన్ యాక్సెస్ జర్నలా అన్నది దాని వెబ్‌సైటులో రచయితలకు ఇచ్చిన సూచనల్లో ఉంటుంది, ఈరోజే చూసుకోండి. చందా మార్గంలో వేసినా, సమీక్ష పూర్తయిన మీ చివరి ప్రతిని కొంతకాలం తర్వాత సంస్థ భాండాగారంలో పెట్టుకోవడానికి చాలా ప్రచురణ సంస్థలు అనుమతిస్తాయి. ఏ జర్నల్ ఏమి అనుమతిస్తుందో ఇంతకుముందు షెర్పా రోమియోగా ఉండి, ఇప్పుడు ఓపెన్ పాలసీ ఫైండర్‌గా మారిన ఉచిత వెబ్‌సైటులో తెలుసుకోవచ్చు.

పేరు విషయంలో మన తెలుగువారికి ఈ చిక్కు తప్పదు. ఫారంలో చివరిపేరు అన్నచోట ఇంటిపేరును పూర్తిగా రాయండి, మొదటిపేరు అన్నచోట మీ పేరు రాయండి. ఒక వ్యాసంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, మరోదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో చివరన రాస్తే, జాబితాల్లో మీరు ముగ్గురు వేర్వేరు రచయితలుగా కనిపిస్తారు. మొదటి వ్యాసంలో ఏ రూపం ఎంచుకుంటే జీవితాంతం అదే వాడండి. పెళ్లి తర్వాత కూడా పరిశోధనా వ్యాసాల్లో అదే పేరు కొనసాగించుకోవచ్చు. ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపును ఉచితంగా తీసుకొని, సర్టిఫికెట్లలో ఉన్న రూపాన్ని కూడా అందులో నమోదు చేసుకుంటే, పేరు ఎలా అచ్చయినా వ్యాసం మీ ఖాతాలోనే చేరుతుంది.

అచ్చుకు ముందు సరిచూసుకోవడానికి ప్రూఫులు వచ్చినప్పుడు సాధారణంగా రెండు మూడు రోజులే గడువు ఇస్తారు. పట్టికల్లో దశాంశ బిందువులు, జాతుల శాస్త్రీయ నామాలు, రచయితల వరుస, మీ విశ్వవిద్యాలయం పేరు, ఫెలోషిప్పు ఇచ్చిన సంస్థ పేరు ఒక్కొక్కటిగా మీ నోటుబుక్కుతోనూ పంపిన ప్రతితోనూ పోల్చి చూసుకోండి. ఆ తర్వాత మార్పు చేయాలంటే సవరణ ప్రకటన వేయించవలసి వస్తుంది. థీసిస్‌ను శోధ్‌గంగ అనే జాతీయ ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలో పెట్టేటప్పుడు, ఇంకా అచ్చుకాని అధ్యాయాలు ఉంటే కొంతకాలం బయటకు కనిపించకుండా ఉంచవచ్చేమో మీ గ్రంథాలయంలో ముందే అడగండి. జిగురు అట్టల అధ్యాయం మీకు ఇంకా మిగిలి ఉంది కదా.